జీతం అడిగే వేళ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో చాలా ఏళ్లుగా ఆఫర్లు సిద్ధం చేసే పని చేస్తున్నాను. మూడు రౌండ్ల ఇంటర్వ్యూలో తడుముకోకుండా జవాబులు చెప్పినవాళ్లు కూడా జీతం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "మీ ఇష్టం మేడమ్, కంపెనీ ఎంత ఇస్తే అంత" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ పోస్టుకు ఎంత నుంచి ఎంత వరకు ఇవ్వొచ్చో ముందే ఆమోదం అయిపోయి నా దగ్గర ఉంటుంది. దాన్నే మేం బ్యాండ్ అంటాం. ఎదుటి మనిషికి మాత్రం అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. జీతం మాట్లాడటానికి ధైర్యం కంటే ముందు లెక్క తెలియాలి. లెక్క చేతిలో ఉంటే భయం దానంతటదే చాలావరకు తగ్గుతుంది.

అపోహ: ఎక్కువ అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు.

ఆఫర్ దాకా వచ్చారంటే కంపెనీ మీ మీద ఎంతో సమయం పెట్టిందని అర్థం. ప్యానెల్ వాళ్లు పని మానుకుని ఇంటర్వ్యూలు చేశారు, మేనేజర్ ఒప్పుకున్నాడు, ఆ సీటు ఇంకా ఖాళీగానే ఉంది. మర్యాదగా ఒక అంకె చెప్పి, ఎందుకో వివరించినంత మాత్రాన దాన్నంతా వదులుకోవాలని ఎవరూ అనుకోరు. మహా అయితే "ఇంతకంటే కుదరదండి" అంటారు. ఆఫర్లు రద్దవడం నేను చూసింది వేరే కారణాలకు: దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, పేస్లిప్‌లో అంకెలు దిద్దడం, రాతపూర్వకంగా ఒప్పుకున్నాక జాయినింగ్‌కు రెండు రోజుల ముందు మళ్లీ బేరం పెట్టడం. అడగడానికి సరైన సమయం ఇంటర్వ్యూలన్నీ అయిపోయి, మీరు ఒప్పుకోవడానికి ముందు ఉండే ఆ కొద్ది రోజులే.

అపోహ: సీటీసీ ఎక్కువ ఉన్న ఆఫరే మంచి ఆఫర్.

సీటీసీ అంటే ఏడాదికి కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. అందరూ ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

12 లక్షల ప్యాకేజీ అనగానే చాలామంది నెలకు లక్ష అని లెక్కేసుకుంటారు. విడగొట్టి చూడండి. బేసిక్, అంటే మూల వేతనం, సగం అనుకుంటే ఏడాదికి 6 లక్షలు. ఇక మిగతావి: వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం, 1,20,000. కంపెనీ కట్టే పీఎఫ్, బేసిక్‌లో 12 శాతం, అంటే 72,000. ఉద్యోగం వదిలేటప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 28,860. ఆరోగ్య బీమా ప్రీమియం ఓ 15,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 9,64,140, అంటే నెలకు 80,345. అందులోంచి మీ వాటా పీఎఫ్ 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 74,145. 2025-26 లెక్కన కొత్త పన్ను విధానంలో ఈ ఆదాయానికి పన్ను పడదు, అయినా వచ్చేది ఇంతే.

ఇప్పుడు 11 లక్షల ఆఫర్ ఒకటి ఉంది, అందులో వేరియబుల్ లేదనుకుందాం. అదే పద్ధతిలో లెక్క వేస్తే నెలకు చేతికొచ్చేది 77,012. లక్ష తక్కువని కొట్టిపారేసిన ఆఫర్ నెలనెలా దాదాపు మూడు వేలు ఎక్కువ ఇస్తోంది. వేరియబుల్ పూర్తిగా వస్తే ఏడాది చివర 12 లక్షలదే పైచేయి, నిజమే. కానీ వస్తుందా? అందుకే "గత రెండేళ్లు వేరియబుల్ ఎంత శాతం చెల్లించారు?" అని అడగండి. ఇది ఎవరినీ నొప్పించని ప్రశ్న. నేనైతే అడిగినవాళ్లకు సూటిగానే చెబుతాను.

ఇంకో మూడు విషయాలు కూడా చూసుకోండి. పీఎఫ్‌ను పూర్తి బేసిక్ మీద కడుతున్నారా, లేక చట్టం పెట్టిన 15,000 పరిమితి మీద నెలకు 1,800 మాత్రమేనా? గ్రాట్యుటీని సీటీసీలో కలిపినా మామూలుగా ఐదేళ్లు నిండకుండా వెళ్లిపోతే అది చేతికి రాదు. నిర్ణీత కాలానికి తీసుకునే ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు కొత్త కార్మిక కోడ్‌లు ఏడాదికే ఆ హక్కు ఇచ్చాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఆ కోడ్‌ల ప్రకారమే, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్కించాలి. బేసిక్‌ను బాగా తగ్గించి మిగతాదంతా స్పెషల్ అలవెన్స్‌లో పెట్టే పద్ధతి మారాల్సిందే. కాబట్టి మీ ఆఫర్ లెటర్‌లో బ్రేకప్ పాతదా, కొత్తదా అని అడిగి తెలుసుకోండి.

అపోహ: పాత జీతం మీద 30 శాతం మించి హైక్ అడగకూడదు.

30 శాతం అనేది మా రంగంలో పాతుకుపోయిన అలవాటు మాత్రమే, ఏ చట్టంలోనూ లేదు. దీనివల్ల దెబ్బతినేది తక్కువతో మొదలైనవాళ్లు. విజయవాడలోనో వైజాగ్‌లోనో చిన్న కంపెనీలో చేరినవాళ్లు, పిల్లల కోసం ఆగి మళ్లీ వచ్చిన తల్లులు, మొదటి ఉద్యోగంలో బేరమాడటం తెలియనివాళ్లు. మొదట పడిన తక్కువ అంకె ప్రతి కంపెనీ మారినప్పుడూ వాళ్ల వెంటే వస్తుంది. పక్క సీట్లో అదే పని చేసే మనిషి లక్షల్లో ముందుంటాడు. ఇది నాకు అస్సలు న్యాయంగా అనిపించదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఈ సంగతి గుర్తించాయి. మసాచుసెట్స్, కాలిఫోర్నియా 2018 నుంచి, న్యూజెర్సీ 2020 నుంచి అభ్యర్థిని పాత జీతం అడగడాన్ని నిషేధించాయి. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు, కాబట్టి డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ఆ రక్షణ లేదు. మన దేశంలోనూ అడగొచ్చు, అడుగుతారు. అబద్ధం చెప్పకండి. పేస్లిప్‌లు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ అన్నీ చూస్తాం, తేడా తెలిసిపోతుంది. నిజం చెప్పి, దాన్ని కొత్త జీతంతో ముడిపెట్టకుండా మాట్లాడండి: "ఇప్పుడు 6 లక్షలు వస్తోందండి. నేను చేసే పనికి అది తక్కువని తెలిసే మారుతున్నాను. ఈ పోస్టు బాధ్యతలు చూసి 11 లక్షలు అడుగుతున్నాను. ఈ పోస్టుకు మీ బ్యాండ్ ఎంత?" చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. చాలామంది రిక్రూటర్లు పూర్తి అంకె చెప్పకపోయినా అటూ ఇటూగా చెబుతారు.

అపోహ: ఇంటి ఖర్చులు పెరిగాయని చెబితే మేనేజర్ అర్థం చేసుకుంటాడు.

అర్థం చేసుకుంటాడు, కానీ ఏమీ చేయలేడు. మీకు హైక్ ఇవ్వాలంటే మీ మేనేజర్ పైవాళ్లకు ఒక మెయిల్ రాయాలి. అందులో "ఇంటి లోన్ ఈఎంఐ కడుతున్నాడు, పాప స్కూల్ ఫీజు పెరిగింది" అని రాయలేడు కదా. ఆయన రాయగలిగిన వాక్యాలు మీరే ఇవ్వాలి: ఫలానా క్లయింట్ పని ఒంటి చేత్తో నడిపారు, ఇద్దరు కొత్తవాళ్లకు పని నేర్పారు, లీడ్ వెళ్లిపోయాక ఆ బాధ్యత కూడా మీరే చూస్తున్నారు, రాత్రి వచ్చే సపోర్ట్ కాల్స్ సగానికి తగ్గించారు. ఇలాంటివి ఏడాది పొడవునా ఒక ఫైల్‌లో రాసుకుంటూ ఉండండి. అప్రైజల్ ముందు రోజు కూర్చుంటే సగం గుర్తుకు రావు.

సమయం కూడా చూసుకోవాలి. ఏప్రిల్‌లో హైక్ ఇచ్చే చోట బడ్జెట్ జనవరి, ఫిబ్రవరి కల్లా దాదాపు ఖాయమైపోతుంది. మార్చి చివర అడిగితే మేనేజర్ దగ్గర పంచడానికి ఏమీ మిగలదు. నవంబర్‌లోనే "వచ్చే సైకిల్‌లో నా జీతం గురించి మాట్లాడాలండి, ఒక అరగంట ఇస్తారా?" అని అడగడం మేలు.

అపోహ: జీతాల గురించి తోటివాళ్లతో మాట్లాడటం నేరం.

అమెరికాలో 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం సూపర్‌వైజర్లు కాని చాలామంది ప్రైవేటు ఉద్యోగులకు అలా మాట్లాడుకునే హక్కు ఇస్తోంది. పైగా హెచ్-1బి మీద ఉన్నవారి పోస్టుకు యజమాని దాఖలు చేసే ఎల్‌సీఏ అనే దరఖాస్తులో వేతనం రాసి ఉంటుంది, ఆ వివరాలను అక్కడి కార్మిక శాఖ బయటపెడుతుంది. మీ ఊళ్లో మీలాంటి పోస్టుకు ఏ కంపెనీ ఎంత చూపిందో మీరే వెతుక్కోవచ్చు. ఇంత తేలికైన దారి ఉండీ మనవాళ్లు చాలామంది వాడుకోకపోవడం చూస్తే మనసు ఊరుకోదు.

ఇక్కడ అంత స్పష్టమైన రక్షణ లేదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో గోప్యత షరతు ఉందేమో ముందు చదవండి. ఉంటే మనిషి జీతం అడగకుండా పోస్టు విలువ అడగండి. "నాలుగేళ్ల అనుభవం ఉన్న టెస్టర్‌కి మీ వైపు ఎంత నడుస్తోంది అన్నా?" అని కాలేజీ సీనియర్‌ని అడిగితే ఎవరి గుట్టూ బయటపడదు.

అపోహ: ఆడవాళ్లకు కొంచెం తక్కువిచ్చినా చట్టం పట్టించుకోదు.

పట్టించుకుంటుంది. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది, ఇప్పుడు ఆ నియమం 2019 వేతన కోడ్‌లో ఉంది. మెకినన్ మెకంజీ కంపెనీలో మహిళా స్టెనోగ్రాఫర్లకు మగవారికంటే తక్కువ ఇస్తున్నారని ఆడ్రీ డి'కోస్టా అనే ఉద్యోగిని కోర్టుకెక్కితే, 1987లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. కంపెనీ ఆర్థిక పరిస్థితి బాగోలేదన్న వాదనను ఒప్పుకోలేదు. అదే పనికి అదే జీతం అడగడం మీ హక్కు. "మీ ఆయన కూడా సంపాదిస్తున్నాడుగా" అని ఎవరైనా అంటే, "నా పని గురించి మాట్లాడదామండి" అని అక్కడే ఆపండి.

అపోహ: ఫ్రెషర్లకు అడిగే అవకాశమే ఉండదు.

క్యాంపస్‌లో వందల మందికి ఒకే ప్యాకేజీ ఇచ్చేటప్పుడు అంకె కదలదు, నిజమే. కానీ అడగాల్సినవి వేరే ఉన్నాయి. ట్రైనింగ్‌లో పూర్తి జీతమా, స్టైపెండా? జాయినింగ్ బోనస్ ఇస్తే ఎన్నాళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలి? నోటీస్ పీరియడ్ 60 రోజులా, 90 రోజులా? బాండ్, అంటే ఇన్నాళ్లలోపు మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం, ఉందా? బాండ్ చెల్లదులే అని సీనియర్లు చెప్పే మాట నమ్మకండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. ఆరు నెలల్లో జీతం పెంచుతామని నోటిమాటగా చెబితే, ఆ సాయంత్రమే ఒక మెయిల్ పెట్టండి: "ఈరోజు ఫోన్‌లో మీరు చెప్పినట్టు, ఆరు నెలలకు నా జీతం సమీక్షిస్తారని అర్థం చేసుకున్నాను. దయచేసి ధ్రువీకరించండి."