ముద్దుపేర్లు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగాల కోసం హైదరాబాద్ వచ్చిన ఇతర రాష్ట్రాల వారికి తెలుగు నేర్పడం నా పని. ముద్దుపేర్ల గురించి వాళ్లు ఏదైనా పొరపాటుగా అనుకుంటే నవ్వుకుంటాను. అదే మాట తెలుగువాళ్లు అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: ముద్దుపేరంటే అసలు పేరును తోచినట్టు కత్తిరించడమే.

వాస్తవం: కత్తెరకూ ఒక లెక్క ఉంది. విజయ విజ్జి, పద్మ పద్దు, కృష్ణ కిట్టు, సుబ్రహ్మణ్యం సుబ్బు. అన్నిటిలోనూ మొదటి అచ్చు హ్రస్వమే, కానీ వెంటనే ద్విత్వం వచ్చి దాన్ని గురువు, అంటే పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం, చేస్తుంది. జానకి, పార్వతి దీర్ఘంతోనే మొదలవుతాయి కాబట్టి జాను, పారు చాలు. 'జాన్ను' అని ఎవరూ పిలవరు. వెంకటేశ్వర్లులో సున్న ఆ పని చేసిపెడుతుంది, వెంకి అయిపోతాడు. శ్రీనివాస్‌ను ఎటు విరిచినా శ్రీను, వాసు. మొదట గురువు, తరువాత లఘువు, అంటే తేలిగ్గా పలికే పొట్టి అక్షరం: ఛందస్సులో దీన్ని హగణం అంటాం. బుజ్జి, చిట్టి, పండు, నాని కూడా హగణాలే. 'మణి' లాంటివి లొంగవు, నిజమే. కానీ మీ వీధిలో పిల్లల్ని ఇళ్లలో ఏమని పిలుస్తున్నారో ఒక సాయంత్రం విని చూడండి.

అపోహ: లచ్చి అనేది చదువురానివాళ్లు చెడగొట్టిన మోటు పేరు.

వాస్తవం: ప్రాకృతంలోనూ లక్ష్మి 'లచ్ఛి'యే. ఆ భాషలో రాసిన కవులకు చదువు రాదంటారా?

అపోహ: 'గాడు' అంటే తిట్టే.

వాస్తవం: "చిన్నిగాడు పడుకున్నాడా?" అని అమ్మమ్మ అడిగితే లాలన. ఆఫీసులో పై అధికారి పేరుకు తగిలిస్తే ఉద్యోగానికే ముప్పు. అందుకే నా విద్యార్థులను మొదట్లో దాని జోలికి పోవద్దంటాను. కూతుర్ని 'బుజ్జిగాడు' అని పిలిచే తండ్రులకు వ్యాకరణం చెప్పే ధైర్యం నాకూ లేదు.

అపోహ: వస్తువులను చిన్నవిగా చెప్పే పద్ధతి తెలుగులో లేదు.

వాస్తవం: చిరునవ్వు, చిట్టెలుక, పిల్లకాలువ ఎక్కడివి? మనకు ముందు చేరేవే ఎక్కువ, అంతే. వెనక చేరే 'ఇక'ను సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం: నాటకం, నాటిక. ఇంగ్లీషు నుంచి వచ్చిన నవలకూ దాన్నే తగిలించి నవలిక చేశాం. ఇక ఈ నగరంలో పారశీకపు 'చా' కూడా వినబడుతుంది: బాగ్‌కు చిన్నది బగీచా. ఇప్పుడు ఎకరాల తోటనూ బగీచా అనే అంటున్నాం.