బళ్లెక్కే ఓడలు

అమెరికాలో ఫ్లోరిడా కీస్ దీవుల వెనక ఉన్న ఫ్లోరిడా బే సగటు లోతు మూడడుగులే. పెద్ద తెరచాప పడవలు అక్కడ నేలకు తగులుకుని ఆగిపోతాయి. కారు వెనక ట్రైలర్ మీద వచ్చిన ఇరవై రెండడుగుల పడవలో మాత్రం ఇద్దరు మనుషులు చలికాలమంతా అక్కడే తిరుగుతూ కాపురం చేయవచ్చు. ఇలాంటి పడవ కొనేవాళ్లు ముందుగా లోపల పడకలు లెక్కపెడతారు. అంతకన్నా ముందు అడగాల్సింది బరువు గురించి: ఎంత ఉంది, ఎక్కడ ఉంది, రోడ్డెక్కేటప్పుడు అందులో ఎంత దించుకోగలం?

చాలా రాష్ట్రాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా లాగగల వెడల్పు 8.5 అడుగులు. ఈ తరగతి పడవలు దాదాపు అన్నీ ఆ లోపే ఉంటాయి. చిక్కంతా బరువుతోనే. కాటలినా 22 అనే పడవ బరువు కాగితం మీద సుమారు వెయ్యి కిలోలు. ట్రైలర్, మోటారు, బ్యాటరీ, లంగరు, సామాను కలిపితే 1,600 కిలోల దాకా తేలుతుంది. కారు లాగగల పరిమితిని ఈ మొత్తంతోనే పోల్చాలి. ఫ్లికా 20 పొడవు ఇరవై అడుగులే గానీ పడవే రెండున్నర టన్నులు. ఏడాదికోసారి లాగడానికి సరే, వారం వారం అంటే పెద్ద పికప్ ఉన్నవాళ్లకే.

మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడాలి. తగ్గితే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగి కారునే తిప్పేస్తుంది. పడవ వెనక వేలాడే మోటారు ఈ లెక్కను చెడగొడుతుంది. దాన్ని విప్పి కారులో పెట్టుకోవడం మేలు.

నీళ్లలో దిగాక లెక్క తిరగబడుతుంది. గాలి తెరచాపను ఒరగదోస్తుంటే పడవను మళ్లీ నిలబెట్టేది అడుగున ఉన్న బరువే. ట్రైలర్ పడవల్లో దాన్ని అమర్చే పద్ధతులు ముఖ్యంగా మూడు.

కాటలినా 22 పాత నమూనాల్లో ఎక్కువ వాటికి 250 కిలోల పోత ఇనుప కీల్ ఉంటుంది. పడవ కింద రెక్కలా వేలాడే ఈ కీల్‌ను వించ్‌తో (తీగ చుట్టే చేతి యంత్రంతో) పైకి లాగితే పడవకు రెండడుగుల నీళ్లు చాలు. దించితే ఐదడుగులు కావాలి. ఫ్లోరిడా బే లాంటి చోట ఇది వరం. కానీ ఆ కీల్ మొత్తం ఒక ఇరుసు మీద, ఒక ఉక్కు తీగ మీద ఆధారపడి ఉంటుంది. ఇరుసు రంధ్రం అరిగి కోలగా మారితే లంగరేసిన రాత్రి అలలకు కీల్ టక్‌టక్‌మని కొట్టుకుంటుంది. తీగలో ఒక్క పోగు తెగినా మొత్తం మార్చాలి. తీగే తెగిపోతే 250 కిలోల ఇనుము ఒక్కసారిగా కిందికి జారి పడవ అడుగును పగలగొట్టవచ్చు.

మాక్‌గ్రెగర్ 26ఎస్ ఖాళీ బరువు 750 కిలోలే. నీళ్లలో దిగాక వాల్వు తెరిస్తే అడుగు ట్యాంకులోకి 545 కిలోల నీరు చేరుతుంది. ర్యాంపు (పడవలను నీళ్లలోకి దించే వాలు) ఎక్కాక ఆ నీటిని మళ్లీ వదిలేస్తారు. చిన్న కారుకు ఇంతకన్నా అనుకూలమైనది లేదు. అయితే నీళ్లలో మునిగి ఉన్న నీటికి బరువు తెలియదు, ఇనుము మాత్రం మునిగినా ఏడింట ఆరు వంతుల బరువు నిలుపుకుంటుంది. అందుకే నీటి బలాస్టు (నిలకడ కోసం నింపే బరువు) ఉన్న పడవ మొదట సులువుగా ఒరిగి, ట్యాంకు అంచు నీటిమట్టం పైకి లేచాకే గట్టిగా ఎదురు తిరుగుతుంది. సగం నిండిన ట్యాంకు మరీ ప్రమాదం, నీరంతా ఒరిగిన వైపుకే పరుగెత్తుతుంది. 2002 జులై 4న అమెరికాలోని లేక్ చాంప్లేన్ సరస్సులో ట్యాంకు నింపకుండా, పరిమితికి మించి జనం ఎక్కిన 26 అడుగుల మాక్‌గ్రెగర్ బోల్తాపడి ఇద్దరు పిల్లలు చనిపోయారు.

మూడోది కామ్‌ప్యాక్ 23లో ఉన్నట్టు పొట్టిగా, కదలకుండా ఉండే కీల్. బరువులో దాదాపు 45 శాతం అడుగునే ఉంటుంది, అరిగే భాగాలేవీ లేవు. ఎదురుగాలికి కాస్త నెమ్మది, దించడానికి లోతైన ర్యాంపు కావాలి. నెలల తరబడి ఉండేవాళ్లకు మా ఓటు దీనికే.

కాపురం మొదలయ్యాక బరువు మళ్లీ వస్తుంది. ఈ సైజు పడవ సుమారు 80 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున మునుగుతుంది. ఇద్దరికి పది రోజులకు తాగను, వండను మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకున్నా 80 కిలోల నీళ్లు. ఆ డబ్బాలు ముక్కువైపు పెడితే పడవ ముందుకు వాలి చుక్కాని బిగుసుకుంటుంది. నడుమ, నేల దగ్గరే సర్దాలి. పొయ్యిలో కిలో ప్రొపేన్ గ్యాసు మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, అది తెల్లారేసరికి పైకప్పు నుంచి పరుపుల మీద చుక్కలుగా రాలుతుంది. వంట బయట చేసుకోవడం, ముందూ వెనకా గాలి ఆడనివ్వడం తప్ప మందు లేదు. కీస్ చుట్టూ మురుగు సముద్రంలో వదలడం నిషేధం కాబట్టి 19 లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ మూడు నాలుగు రోజులకోసారి ఒడ్డున ఖాళీ చేయాలి.

ర్యాంపు దగ్గరికి చేరగానే పడవను నీళ్లలోకి తోయకూడదు. హైవే మీద వేడెక్కిన ట్రైలర్ చక్రం హబ్ (బేరింగు ఉండే నడిమి భాగం) చల్లని నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. కొన్నాళ్లకు బేరింగు దారిలోనే పట్టేస్తుంది. హబ్ చల్లారేలోపు మాస్టు (తెరచాప స్తంభం) నిలబెట్టుకోవచ్చు, తలెత్తి కరెంటు తీగలు లేవని చూసుకున్నాక.

పాత పడవ బేరమాడేటప్పుడు డెక్ (పడవ పైతలం) మీద మాస్టు చుట్టూ వేళ్లతో తట్టి చూడండి. ఖంగుమని మోగకుండా మెత్తగా పలికితే లోపలి చెక్క నానిపోయిందని అర్థం. ట్రైలర్ టైరు పక్కన ఉన్న కోడ్‌లో చివరి నాలుగంకెలు కూడా చదవాలి: మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటితే టైరు గాడులు ఎంత కొత్తగా కనిపించినా మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.