జెయింట్ వీల్ దగ్గర తలనొప్పి: టీనేజీ భయాల లెక్క వెనక కథ

మా అక్క పిల్లలిద్దరినీ ఏటా జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి తిప్పుకురావడం నా డ్యూటీ. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. అమ్మాయికి బల్లి అంటే చచ్చేంత భయం. బాత్రూమ్ గోడ మీద బల్లి కనిపించిందంటే ఆ సంగతి అపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలుస్తుంది. అబ్బాయికి దేనికీ భయం లేదని ఇంట్లో అందరి నమ్మకం. కాకపోతే జెయింట్ వీల్ టికెట్ల దగ్గరికి రాగానే వాడికి తలనొప్పి వస్తుంది. మూడేళ్లుగా వస్తోంది.

"ఆడపిల్లలకే భయం ఎక్కువ" అని మా అక్క అంటే కాదనలేం. సర్వేలూ ఆమె పక్షమే. 2010లో వెలువడిన అమెరికా జాతీయ సర్వేలో 13 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలు పదివేల మందికి పైగా పాల్గొన్నారు. ఏదో ఒక జంతువు, వస్తువు లేదా పరిస్థితి మీద ఫోబియా ఎప్పుడో ఒకప్పుడు ఉన్నవాళ్లు 19.3 శాతం. అమ్మాయిల్లో 22.1, అబ్బాయిల్లో 16.7. నలుగురిలోకి వెళ్లాలంటే వణుకు పుట్టే సోషల్ ఫోబియాలోనూ అదే తీరు: 11.2, 7.0. తీవ్రంగా ఇబ్బంది పడేవాళ్లు మాత్రం ఈ మొదటి రకంలో ఒక్క శాతం కూడా లేరు. అది వేరే సంగతి. ఈ తేడాని మనుషులు ఎప్పటినుంచి లెక్కపెడుతున్నారు, ఎలా లెక్కపెట్టారు అన్నదే అసలు కథ.

ఫోబియా అనే మాటని ఇప్పుడు మనం వాడే అర్థంలో వాడినవాళ్లలో మొదటి తరం మనిషి బెంజమిన్ రష్. ఫిలడెల్ఫియా డాక్టరు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకడు. 1786లో సగం సరదాగా, సగం సీరియస్‌గా భయాల జాబితా ఒకటి రాశాడు. అందులో డాక్టర్ ఫోబియా ఉంది, రమ్ ఫోబియా కూడా ఉంది. ఎలుక భయం దగ్గరికొచ్చేసరికి ఇది ముఖ్యంగా ఆడవాళ్ల జబ్బు, ఎలుకని చూసి కెవ్వుమనే ఆడవాళ్లు తనకి తెలుసు అంటాడు. పిల్లి భయం దగ్గరికొచ్చేసరికి మాట మారిపోతుంది. ధైర్యానికి పేరుపడ్డ పెద్దమనుషులే పిల్లిని చూసి వెనక్కి తగ్గుతారట, గదిలో పిల్లి కనిపించకుండా ఉన్నా కంగారు పడతారట. ఎలుకకి బెదిరితే ఆడతనం, పిల్లికి బెదిరితే వీరుడి వింత. ఆ తర్వాత వందేళ్ల పరిశోధనకి ఈ పేజీయే ముందుమాట అని నాకనిపిస్తుంది.

భయాల్ని మొదటిసారి పెద్ద ఎత్తున పోగుచేసింది అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్. 1897లో ప్రశ్నల కాగితాలు పంచి 1,701 మంది నుంచి 6,456 భయాలు రాబట్టాడు. ఎక్కువమంది కుర్రకారే. అన్నిటికంటే పైన ఉన్నది ఉరుములు, మెరుపులు. అమ్మాయిల జాబితాలు అప్పుడే పొడుగ్గా వచ్చాయి. ఏడేళ్ల తర్వాత, 1904లో, కౌమారం మీద రెండు సంపుటాల పుస్తకం వేసింది కూడా ఈయనే. ఆ వయసుని విడిగా చూడాలన్న ఆలోచన అక్కడినుంచే బలపడింది.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1920లో వాట్సన్, రేనర్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఒక పసివాడికి తెల్ల ఎలుకని చూపిస్తూ వెనకనించి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి భయం నేర్పారు. 1924లో మేరీ కవర్ జోన్స్ కుందేలుకి జడిసే పీటర్ అనే పిల్లాడికి ఆ భయం పోగొట్టింది. భయం నేర్పొచ్చు, మాన్పించొచ్చు అని తేలింది. కానీ ఒకే కుక్క తరిమిన ఇద్దరు పిల్లల్లో ఒకడే జీవితాంతం కుక్కలకి ఎందుకు దూరంగా ఉంటాడన్నది మాత్రం తేలలేదు.

వయసు ముడి 1966లో కొంత వీడింది. లండన్‌లో ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ అనే మానసిక వైద్యులు తమ దగ్గరికొచ్చిన రోగుల్ని ఒక్కటే అడిగారు: నీ భయం ఎప్పుడు మొదలైంది? జంతువుల భయాలు సగటున నాలుగైదేళ్లకే మొదలయ్యాయి. నలుగురి ముందు భయం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకి. 1987లో స్వీడన్‌లో లార్స్ గోరాన్ ఓస్ట్ 370 మందితో ఈ క్యాలెండర్‌ని ఇంకా వివరంగా గీశాడు. జంతువులంటే 7, నెత్తురంటే 9, పళ్ల డాక్టరంటే 12, జనమంటే 16, ఇరుకు గదులంటే 20, బజారులోకి వెళ్లాలంటే 28. ఇవన్నీ సగటులే గానీ వరస చూడండి. టీనేజీలో అడుగుపెట్టేసరికి బల్లి భయం అప్పటికే పాతబడి ఉంటుంది. కొత్తగా వచ్చేది మనుషుల చూపు మీద భయం. మొటిమ వచ్చిన మొహంతో, విరుగుతున్న గొంతుతో క్లాసులో లేచి నిలబడి జవాబు చెప్పాల్సిన వయసు అది. "నలుగురూ ఏమనుకుంటారో" అనే మాట ఇంట్లో అప్పటిదాకా పెద్దవాళ్లది. ఒక్కసారిగా పిల్లలది అయిపోతుంది.

ఇక స్వభావం. లండన్‌లోనే ఐసెంక్ అనే మనస్తత్వవేత్త 1950ల నుంచి ఒక వాదన చేస్తూ వచ్చాడు. లోపల్లోపలే ఉండే మనిషి, అందులోనూ త్వరగా కలతపడే మనిషి భయాల్ని తొందరగా పట్టేసుకుంటాడని. పెద్దవాళ్లకీ పిల్లలకీ వేర్వేరుగా ప్రశ్నపత్రాలు తయారయ్యాయి, స్వభావానికి మార్కులు పడ్డాయి. ఆ మార్కుల కంటే నాకు నచ్చింది హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ చేసిన పని. ఆయన ప్రశ్నలు అడగలేదు, చూస్తూ కూర్చున్నాడు. కొత్త మనిషి, కొత్త బొమ్మ ఎదురైతే రెండేళ్ల పిల్లాడు ముందుకొస్తాడా, అమ్మ కొంగు పట్టుకుంటాడా? అలా చిన్నప్పుడు చూసిన పిల్లల్లో 79 మందిని 13 ఏళ్ల వయసులో మళ్లీ పలకరించారు. ఫలితం 1999లో వచ్చింది. కొంగు పట్టుకున్న పిల్లల్లో నలుగురిలో కలవలేని భయం ఎక్కువగా కనిపించింది, అది అమ్మాయిల్ని మరింత ఇబ్బంది పెట్టింది. కుక్క, చీకటి, ఎత్తు లాంటి విడి భయాలకి మాత్రం ఆ బిడియంతో సంబంధం దొరకలేదు. కాబట్టి బల్లికి అరిచే పిల్లని "అసలే పిరికిది" అనెయ్యడానికి ఈ పరిశోధన ఒప్పుకోదు. మా పిల్ల స్కూల్ స్టేజీ మీద మైకు ఇస్తే వదలదు.

ఆడా మగా లెక్క దగ్గరే చిక్కంతా ఉంది. 1968లో పిల్లల కోసం ఒక భయాల ఫారం వచ్చింది, 1983లో ఒలెండిక్ అనే మనస్తత్వవేత్త దాన్ని సవరించాడు. 80 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు జవాబులు: లేదు, కొంచెం, చాలా. ఏ దేశంలో పంచినా అమ్మాయిల మార్కులే ఎక్కువ వస్తూ పోయాయి. ఫారం నింపేది పిల్లలే, పక్క బెంచీలో స్నేహితుడు.

1992లో పియర్స్, కిర్క్‌పాట్రిక్ అనే ఇద్దరు పరిశోధకులకి అనుమానం వచ్చింది: అబ్బాయిలు ఫారంలో నిజమే రాస్తున్నారా అని. కాలేజీ విద్యార్థుల చేత ఒకసారి భయాల ఫారం నింపించారు. తర్వాత వీడియోలు చూపిస్తాం, మీ గుండె వేగం కొలుస్తాం, అబద్ధమైతే తెలిసిపోతుంది అన్న ధోరణిలో చెప్పి మళ్లీ నింపించారు. అమ్మాయిల జవాబులు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఎలుకలు, రోలర్ కోస్టర్ల దగ్గర అబ్బాయిల భయం పెరిగింది. తేడా మొత్తం మాయమవలేదు, అది కూడా చెప్పాలి. 2000లో గిన్స్‌బర్గ్, సిల్వర్‌మన్ ఆందోళన జబ్బులున్న పిల్లల్ని చూసి ఇంకో ముక్క కలిపారు. మగతనం అని సమాజం పేరుపెట్టిన లక్షణాలు ఎక్కువున్న పిల్లలు, అబ్బాయైనా అమ్మాయైనా, తక్కువ భయం చెప్పారు. ఆడతనం అనే లక్షణాలకి భయంతో లంకె కనిపించలేదు. స్వీడన్ పెద్దల సర్వేలో 1996లో ఇంకోటి బయటపడింది. జంతువుల ఫోబియాలో ఆడవాళ్లు 12.1 శాతం, మగవాళ్లు 3.3. ఇంజెక్షన్ భయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నెత్తురు చూస్తే బీపీ పడిపోయి కళ్లు తిరిగి కిందపడేవాడు తలనొప్పి అని తప్పించుకోలేడు కదా.

మన దగ్గర లెక్కలు పలచన. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో తిరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. లెక్కలు లేకపోయినా మాటలున్నాయి. చిన్నపిల్ల రాత్రి ఉలిక్కిపడి లేస్తే "జడుసుకుంది" అంటాం, ఆంజనేయస్వామి గుడికో దర్గాకో తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తాం. అబ్బాయైనా అమ్మాయైనా అప్పుడు ఒకటే తాయెత్తు. పదమూడో ఏడు దాటాక ఆ మాట ఎవరూ వాడరు. అమ్మాయికి "సున్నితం" అని పేరుపెడతాం. అబ్బాయికి మాత్రం పేరేమీ దొరకదు, "మగపిల్లాడివై ఉండి" అనే సగం వాక్యం తప్ప.

ఈ జనవరిలోనూ ముగ్గురం వెళ్లాం. టికెట్ల దగ్గర మావాడు ఈసారి తలనొప్పి అనలేదు.

"మామయ్యా, మీరిద్దరూ ఎక్కండి. బ్యాగులు నేను పట్టుకుంటా" అన్నాడు.