ఈ బుడిపె ఎవరి జన్యువు పని?

టమాటా మొక్క మొదట్లో, మట్టికి కాస్త పైన, కాండం మీద ఒక్కోసారి ఆవగింజంత బుడిపెలు లేస్తాయి. తెగులేమోనని కంగారుపడి మొక్కనే పీకేసేవాళ్లున్నారు. పీకకండి, అవి పుట్టబోయే వేర్లు. అక్కడిదాకా మట్టి ఎగదోస్తే కొన్నాళ్లలో వేర్లయి కిందికి దిగుతాయి.

అసలు కణితి సంగతి వేరు. దాన్ని క్రౌన్ గాల్ అంటారు. కాండమూ వేరూ కలిసే చోట, ఏదో గాయం తగిలిన దగ్గర మొదలవుతుంది. ముందు లేతగా, మెత్తగా ఉండి, ముదిరేకొద్దీ గరుకు తేలి గట్టిపడుతుంది. బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. మామూలు కాండంలో నీటినాళాలు గుండ్రంగా వరుస కట్టి ఉంటాయి. కణితిలో ఆ వరుసే కనబడదు, నాళాలు చిక్కుపడ్డ దారంలా ఎటుపడితే అటు మెలికలు తిరిగి ఉంటాయి.

దీనికి కారణం ఒక బాక్టీరియా అని అమెరికాలో ఎర్విన్ స్మిత్, టౌన్‌సెండ్ 1907లో తేల్చారు. ఇప్పుడు దాన్ని ఆగ్రోబాక్టీరియం అంటున్నాం. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 1940లలో ఆర్మిన్ బ్రౌన్ చేసిన పని. కణితి లేచిన బిళ్లగన్నేరు మొక్కల్ని ఆయన బాక్టీరియా చచ్చిపోయేంత వేడిలో ఉంచాడు. ఆ వేడికి మొక్క తట్టుకుంది, బాక్టీరియా చచ్చింది. కణితి మాత్రం పెరుగుతూనే పోయింది! అంటే బాక్టీరియా పోతూ పోతూ మొక్క కణాల్లో ఏదో వదిలిపెట్టిందన్నమాట.

ఆ 'ఏదో' చేతికి చిక్కడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. కణితి తెప్పించే బాక్టీరియాలో ఒక పెద్ద డీఎన్ఏ వలయం, అంటే ప్లాస్మిడ్, ఉంటుందని 1974లో బెల్జియంలో జెఫ్ షెల్, మార్క్ వాన్ మాంటగ్యూల బృందం కనుక్కుంది. ఆ ప్లాస్మిడ్‌లోని ఒక ముక్క మొక్క కణాల్లోకి చేరిపోయి ఉందని 1977లో మేరీ-డెల్ చిల్టన్, ఆమె సహచరులు చూపించారు. బాక్టీరియా తన జన్యువుల్ని మొక్క క్రోమోజోముల్లో అతికించేస్తోంది.

ఆ ముక్కలో ఏముందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రెండు జన్యువులు ఆక్సిన్ తయారు చేయిస్తాయి, ఒకటి సైటోకైనిన్ తయారు చేయిస్తుంది. రెండూ మొక్క తన పెరుగుదలకి సొంతంగా వాడుకునే హార్మోన్లే. మొక్క వాటిని కొలిచి వాడుకుంటుంది, ఈ కొత్త జన్యువులకి కొలత లేదు. అందుకే కణాలు ఆగకుండా చీలుతూ పోతాయి. ఈ జన్యువుల్ని ఒక్కొక్కటిగా పాడుచేసి పొగాకు మొక్కల మీద పరీక్షిస్తే, ఆక్సిన్ జన్యువు చెడినప్పుడు కణితి నుంచి చిగుళ్లు వచ్చాయి, సైటోకైనిన్ జన్యువు చెడినప్పుడు వేర్లు వచ్చాయి. అదే ముక్కలో ఓపైన్లు అనే పదార్థాల్ని తయారు చేయించే జన్యువులూ ఉన్నాయి. అవి మొక్కకి ఎందుకూ కొరగావు, బాక్టీరియాకి మాత్రం తిండి. మొక్క చేత తన వంట వండించుకోవడమే ఇది.

ఇలా అతుక్కున్న ముక్కలు ఒక్కోసారి తరతరాలకూ నిలిచిపోతాయి. మనం తినే చిలగడదుంప రకాల్లో ఆగ్రోబాక్టీరియం జన్యువులు ఉన్నాయని 2015లో బయటపడింది.

వేర్ల మీది బుడిపెల కథ ఇలా ఉండదు. మట్టిలోంచి వేర్లలోకి దూరే సన్నటి పురుగు, వేరుముడి నులిపురుగు, తన జన్యువుల్ని మొక్కలో పెట్టదు. నోటి సూదితో కొన్ని ప్రోటీన్లు ఎక్కించి, మొక్క సొంత జన్యువుల్నే పక్కదారి పట్టిస్తుంది. దాని మూతి దగ్గరున్న కొద్ది కణాల్లో కేంద్రకాలు పదేపదే చీలుతాయి కానీ కణం చీలదు. అవి ఉబ్బి పురుగుకి తిండి గిన్నెలవుతాయి, చుట్టూ వేరు ముడి కడుతుంది.

దీన్ని అడ్డుకునే ఎంఐ-1 అనే జన్యువు పెరూవియానమ్ అనే అడవి టమాటాలో దొరికింది. దాన్ని మామూలు టమాటాతో సంకరం చేస్తే పిండం గింజలోనే చచ్చిపోయేది. 1940లలో ఆ పిండాన్ని బయటికి తీసి, పోషక ద్రవ్యంలో పెంచి బతికించారు. వేరుముడిని తట్టుకునే ఎన్నో టమాటా రకాలకి ఆరో క్రోమోజోము మీది ఈ జన్యువే ఆధారం. కాకపోతే నేల వేడి 28 డిగ్రీలు దాటితే అది సరిగా పనిచేయదు. తట్టుకునే రకమని నమ్మి నాటినా ఎండాకాలంలో వేర్లు ముడికట్టడానికి ఇదొక కారణం.

ఇక మూడో రకం పెరుగుదలలో బయటివాళ్ల ప్రమేయమే లేదు. మొక్క కొనలో వుషెల్ అనే జన్యువు కొత్త కణాల్ని పుట్టిస్తూ ఉంటే, క్లావాటా-3 అనేది చాలు చాలని ఆపుతూ ఉంటుంది. కొన్ని టమాటాల్లో పదకొండో క్రోమోజోము మీద సుమారు 2,94,000 డీఎన్ఏ అక్షరాల ముక్క తలకిందులైంది. దాంతో క్లావాటా-3 తన స్విచ్చు నుంచి, అంటే తనని పనిచేయించే డీఎన్ఏ భాగం నుంచి, విడిపోయి నీరసించింది. వుషెల్ పక్కన రెండే రెండు అక్షరాలు మారడం ఇంకో మార్పు. ఇవి రెండూ కలిస్తే పూమొగ్గ కొన వెడల్పవుతుంది, కాయలో గదులు పెరుగుతాయి.

కాబట్టి ఈసారి టమాటాని అడ్డంగా కోసినప్పుడు గదులు లెక్కపెట్టండి. అడవి టమాటాకి ఉండేవి రెండే. ఎనిమిది, పది గదులతో వంకర్లు తిరిగిన పెద్ద కాయ చేతికొస్తే, ఆ తలకిందులైన ముక్క దానిలో ఉన్నట్టే అనుకోవచ్చు.