సంక్రాంతికి చూసిన స్థలాన్ని శ్రావణంలో మళ్ళీ చూడండి

మాది కుటుంబం అంతా కలిసి చేసుకునే వ్యాపారం. నాన్నగారు సిమెంటు కొట్టుతో మొదలుపెట్టి ఇళ్ళు కట్టించడంలోకి దిగారు. ఇప్పుడు కోనసీమలో రావులపాలెం చుట్టుపక్కల లేఅవుట్లు, చిన్న అపార్ట్‌మెంట్లు మేమే వేస్తున్నాం. ఊళ్ళో లేనివాళ్ళ ఇళ్ళు కూడా చూసిపెడుతుంటాం. నాన్నగారు, బాబాయి భూముల పని చూస్తారు, చెల్లెలు అద్దెల లెక్కలు చూస్తుంది. కొనేవాళ్ళతో మాట్లాడేది నేను. రోజూ వినే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మెరక చేశారు, రోడ్డు ఎత్తున ఉంది, ఇంక నీళ్ళ భయం లేదు.

మా దగ్గర స్థలాలు ఎక్కువగా అమ్ముడయ్యేది సంక్రాంతికి. హైదరాబాద్ వాళ్ళు, అమెరికా వాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు అందరూ ఊళ్ళోనే ఉంటారు. జనవరిలో లేఅవుట్ నేల గట్టిగా, అద్దంలా ఉంటుంది. మిగిలినవాళ్ళు ఎండాకాలం సెలవులకి వస్తారు, అప్పటికి కాలువలు కట్టేసి ఉంటాయి. వానలు ఊపందుకునేసరికి ఆషాఢం. ఆషాఢంలో రిజిస్ట్రేషన్ సంగతి అలా ఉంచండి, స్థలం చూడ్డానికి కూడా ఎవరూ రారు. అంటే నీళ్ళు నిలబడే రోజుల్లో తప్ప మిగతా అన్ని రోజుల్లోనూ జనం స్థలాన్ని చూస్తారన్నమాట!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ గోదావరి డెల్టా అంతా కాలువల లెక్క మీదే నడుస్తోంది. నీళ్ళు తెచ్చే పంట బోదె ఒకటి, నీళ్ళు పోయే మురుగు బోదె ఒకటి. చేను లేఅవుట్ అయినంత మాత్రాన ఆ బోదెకి పని అయిపోదు. పై చేల నీళ్ళు ఎటో ఒకవైపు పోవాలి కదా. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా?

ఈ పాఠం మేం డబ్బులు పెట్టి నేర్చుకున్నాం. మా రెండో లేఅవుట్‌లో బోదె ఒకటి పూడ్చి దాని మీద రోడ్డు వేశాం. మొదటి పెద్ద వానకే వెనక రైతు నాట్లు వేసిన మడి, మా నాలుగు ప్లాట్లు కలిసి చెరువయ్యాయి. ఆ రైతు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తిట్టలేదు. “మీ నాన్న కూడా చేను చేసినవాడే కదా” అన్నాడు, అంతే. రోడ్డు తవ్వి తూము వేసేదాకా నాన్నగారు ఆ దారిన పోలేదు.

అందుకే స్థలం చూడ్డానికి వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మా బ్రోచర్ తర్వాత చూద్దురుగాని, ముందు పక్క చేలో ఉన్న మనిషిని అడగండి, “ఇక్కడి నీళ్ళు ఎటు పోతాయి?” అని. వీలైతే శ్రావణంలో ఒకసారి మళ్ళీ రండి.

మెరక సంగతి కూడా చెప్పాలి. పోసిన బుసక (ఇసుక మట్టి), గ్రావెల్ వెంటనే గట్టిపడవు, వానలకి తడిసి మెల్లగా కుంగుతాయి. కింద నల్లమట్టి ఉంటే అది తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెరలు విచ్చుతుంది. కొత్తగా మెరక చేసిన చోట పునాది పైపైన ఆపేస్తే ముందు చీలేది కాంపౌండ్ గోడ. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే పైల్స్ వేసి, పునాదిని గట్టి నేల దాకా దింపాలి. ఆ ఖర్చు దగ్గర బేరం ఆడి, తర్వాత పాలరాయి దగ్గర చెయ్యి విప్పేవాళ్ళని చాలామందిని చూశాను.

ఏటిగట్టుకి నది వైపున, నది మధ్య లంకల్లో స్థలం అయితే ఇంకో ప్రశ్న అడగాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. లంకల్లో పెద్దవాళ్ళకి ఇవి నోటికి వచ్చు. ఏ హెచ్చరికకి దారి మునుగుతుందో, దేనికి గుమ్మంలోకి వస్తుందో చెప్పేస్తారు. 1986 వరద చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, అప్పుడు ఎంతవరకు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

అపోహ: ఈసీ క్లీన్‌గా ఉంది కాబట్టి టైటిల్ క్లీన్.

ఈసీ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, టైటిల్ అంటే యాజమాన్య హక్కు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టర్ చేయని వీలునామా, నోటిమాట పంపకం, అన్నదమ్ముల మధ్య కోర్టు గొడవ అందులో కనపడకపోవచ్చు. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), రెవెన్యూ రికార్డు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితా విడివిడిగా చూసుకోవాల్సిందే.

మా వైపు ఎక్కువగా తేడా వచ్చేది మాత్రం ఆడపిల్ల సంతకం దగ్గర. “పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చేశాం, చెల్లెలి సంతకం ఎందుకండీ” అంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, కాకపోతే అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక తండ్రి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోతే కూతురు ఎలాగూ వారసురాలే.

మేం కొన్న ఒక రెండెకరాల్లో ముగ్గురు అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. ప్లాట్లు అమ్మాక వాళ్ళ అక్కగారు వచ్చారు. ఆవిడ అడిగింది న్యాయమే. మా లాభంలోంచి ఒక ప్లాటు ఆవిడ పేర రాసి, హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించుకున్నాం. ఇప్పుడు మా ఆఫీసులో వంశవృక్షం గీయకుండా అడ్వాన్స్ ఇవ్వం. ఆడపిల్లలు ఎంతమంది అన్నది మొదటి ప్రశ్న, పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

అపోహ: ఊళ్ళోవాళ్ళ కంపెనీ, మనవాళ్ళే, కాగితం అడిగితే ఏమనుకుంటారో.

ఏమీ అనుకోం. నిజం చెప్పాలంటే నాన్నగారు కొంచెం అనుకుంటారు, అయినా అడగండి. కుటుంబ కంపెనీలో మోసం కన్నా మాట మర్చిపోవడం పెద్ద సమస్య. బాబాయి ఒకరికి పార్కు పక్క ప్లాటు అని నోటితో చెప్పారు, నేను అదే ప్లాటు ఇంకొకరికి రాసిచ్చాను. ఇద్దరం నిజమే చెప్పాం! రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందకి వచ్చే ప్రాజెక్టులో అయితే ధరలో 10 శాతం మించి డబ్బు తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయాలి. అది చట్టం. చిన్న ప్రాజెక్టుల్లోనూ మేం ఇప్పుడు అదే పద్ధతి పెట్టుకున్నాం.

అపోహ: కొత్త ఫ్లాట్ అంటే రెరా ఉన్నట్టే.

స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరాలో రిజిస్టర్ చేయక్కర్లేదు. 500 మీటర్లంటే మన లెక్కలో 12 సెంట్ల పైచిలుకు. పది సెంట్లలో ఐదు ఫ్లాట్లు వేసే బిల్డింగులు మా టౌన్లలో బోలెడు, అవి ఇందులోకి రావు. రెరా ఉన్నచోట, అప్పగించిన ఐదేళ్ళలోపు కట్టుబడిలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. లేనిచోట అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

అపోహ: పన్నెండేళ్ళు అద్దెకుంటే ఇల్లు వాళ్ళదైపోతుంది.

ఈ భయంతో ఇళ్ళు ఖాళీగా పాడుపెడుతున్నవాళ్ళు ఉన్నారు. మీ అనుమతితో వచ్చి అద్దె కట్టేవాడు, ఎన్నేళ్ళున్నా అద్దెదారుడే. పన్నెండేళ్ళ లెక్క మీ హక్కుని కాదని ఆక్రమించి కూర్చున్నవాడికి. కాబట్టి భయపడాల్సింది కంచె లేని ఖాళీ స్థలం గురించి. అద్దె మాత్రం బ్యాంకు ద్వారానే తీసుకోండి, అగ్రిమెంట్ ఎప్పటికప్పుడు కొత్తది రాయించండి. పదకొండు నెలలకి రాయడంలో మంత్రం ఏమీ లేదు.

అపోహ: తాళం వేసి పెడితే ఇల్లు భద్రం.

కోనసీమ గాలిలో మూసిన ఇల్లు రెండు వానాకాలాలు ఆగదు. తలుపులు ఉబ్బుతాయి, చెదలు పడతాయి, సముద్రం దగ్గరైతే కిటికీ చువ్వలు తుప్పు పడతాయి. మా వాళ్ళు పదిహేను రోజులకోసారి తలుపులు తీసి, కుళాయిలు తిప్పి, ఫొటోలు పంపుతారు. విదేశాల్లో ఉన్న ఇంటి ఓనర్లకి అద్దె కట్టేవాళ్ళు అందులోంచి పన్ను మినహాయించి కట్టాలని చెప్తే ఇంకా ఎవరూ నమ్మరు, అద్దె చిన్నదైనా సరే. ఆ కాగితాలు మా చెల్లెలే చూస్తుంది.

డాలస్‌లో ఒకాయన ఉన్నారు. అద్దె వారం ఆలస్యమైనా ఫోన్ చేయరు, పెరట్లో కొబ్బరి దింపు లెక్క మాత్రం కాయతో సహా కావాలి. ఈసారి మూడు చెట్లకి 64. ఎలుక కొట్టినవి లెక్కలో వేయలేదు.