చిటికెన వేలు తిమ్మిరికి మెడ ఒక్కటే కారణం కాదు

మొన్న కూడా ఒకాయన మెడకి కాలర్ పెట్టుకుని నా దగ్గరికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ కి వచ్చారు. లారీ నడుపుతారు, కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనించి కూర్చోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. చిటికెన వేలు, ఉంగరం వేల్లో సగం తిమ్మిరి మొదలై ఎనిమిది నెలలు. మెడ ఎమ్మారై తీయించారు, డిస్క్ కొంచెం ఉబ్బిందని రిపోర్ట్ వచ్చింది (నలభై దాటాక ఏ బాధా లేనివాళ్లలో కూడా చాలామందికి ఆ మాట ఉంటుంది), ఇంకంతే, కాలర్, బి12 ఇంజెక్షన్లు, చుట్టుపక్కల వాళ్ల సలహాలు. "చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నానమ్మా" అన్నారు. చెయ్యి చూస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడిపోయింది.

"చేతికి తిమ్మిరంటే మెడ నరమే" అనే అపోహ వల్ల జరిగే నష్టం ఇదీ. చిటికెన వేలికి వెళ్లే నరం, అల్నార్ నర్వ్, మోచెయ్యి లోపలివైపు ఎముక వెనక చర్మం కిందే ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితేనే కదా కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. అక్కడ నొక్కుకుపోతే తిమ్మిరి మణికట్టు గీత దగ్గర ఆగిపోతుంది, ముంజేయి లోపలివైపంతా మొద్దుబారితే అప్పుడు మెడ సంగతి గట్టిగా ఆలోచించాలి. ఆయనకి ప్రోబ్ పెట్టగానే ఎముక వెనక నరం నల్లగా ఉబ్బి కనిపించింది, అడ్డంగా కొలిస్తే వైశాల్యం 17 చదరపు మిల్లీమీటర్లు. 10 దాటితేనే మేం అనుమానిస్తాం, ఆయన ఎడమ చేతికి 7 ఉంది. ప్రోబ్ కొంచెం కిందకి జరిపితే కండరం రెండు పాయల మధ్య ఉన్న పట్టీ కింద అదే నరం సన్నగా నలిగిపోయి ఉంది. వెంటనే సర్జన్ దగ్గరికి పంపాను. తిమ్మిరి తగ్గొచ్చని చెప్పాను గానీ పోయిన కండ మొత్తం తిరిగొస్తుందని మాత్రం చెప్పలేకపోయాను, ఆరు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగానే ఉంది.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తా. అల్ట్రాసౌండ్ లో నరాలు కనపడవు అనేది అబద్ధం, బాగా కనపడతాయి, రేడియేషన్ కూడా లేదు. నర్వ్ టెస్ట్ (నరంలో కరెంటు ఎలా పోతోందో చూసే పరీక్ష) నార్మల్ వస్తే ఏమీ లేనట్టే అనుకోకండి, మొదట్లో నార్మల్ రావచ్చు, అలాగే స్కాన్ కూడా నార్మల్ రావచ్చు, రెండూ కలిపి చూడాలి.

"నరం జారుతోంది" అని (అంటే చెయ్యి మడిచినప్పుడు నరం ఎముక మీదకి ఎక్కుతోందని) రిపోర్ట్ లో చూసి ఆపరేషనే అని ఏడ్చేసిన వాళ్లున్నారు, దయచేసి భయపడకండి. 1956లోనే చిల్డ్రెస్ అనే డాక్టర్ వెయ్యి మంది మోచేతులు చూస్తే దాదాపు 16 శాతంలో నరం జారింది. మా చెల్లికి చెయ్యి మడిచినప్పుడల్లా రెండువైపులా టక్‌మని ఎముక మీదకి ఎక్కుతుంది, ఒక్కరోజు తిమ్మిరి రాలేదు.

నరం బాగా లావుగా ఉండి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కూడా ఉంటే కుష్టు కోసం చూస్తాం. ఆ మాట వినగానే ఇంట్లో దాచేస్తారు, దాచొద్దు, ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, పూర్తిగా వాడితే నయమవుతుంది.

స్కాన్ కి వచ్చేటప్పుడు పరగడుపున రానక్కర్లేదు, భుజం దాకా మడవగలిగే వదులు చేతుల చొక్కా వేసుకోండి, చెయ్యి చాపి ఒకసారి, మడిచి ఒకసారి చూడమని అడగండి, బాగున్న చెయ్యి కూడా చూపించండి.