పట్టాలు పోయాక పట్టా ఎవరిది?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం దక్షిణ కొసన, మెడిసిన్ బో అడవిలో 21 మైళ్ల సైకిల్ బాట ఉంది. సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వేల అడుగుల ఎత్తున, పైన్ చెట్ల నీడలో, ఓవెన్ సరస్సును పలకరిస్తూ సాగుతుంది. అంత కొండప్రాంతంలోనూ పిల్లలు ఆయాసపడకుండా తొక్కగలరు. ఒకప్పుడు అది రైలుకట్ట. నిట్టనిలువు ఎత్తులను రైలు ఎక్కలేదు కనుక, కట్ట వేసినవాళ్లు కొండను చుట్టి చుట్టి సన్నని వాలు మీద తీసుకెళ్లారు. ఆ శ్రమఫలాన్ని ఇవాళ సైకిళ్లు అనుభవిస్తున్నాయి.

పాత రైలుమార్గం బాటగా మారినచోట నేల ఎవరిదన్న తగాదా లేచిందంటే ఈ అడవి పేరు మళ్లీ వినబడుతుంది. దారి అందరిదీ అని ఒక పక్షం, నేల మాది అని పక్కనున్న యజమానులు. ఇక్కడి దారి మీద 2014లో సుప్రీంకోర్టు నేల యజమాని పక్షాన ఇచ్చిన తీర్పును చూపించి, ఇలాంటి బాటలన్నీ ప్రమాదంలో పడ్డాయని అనేవాళ్లున్నారు. ఈ రైళ్లు ఎందుకు మూతపడ్డాయో, మూతపడ్డ రైలుమార్గాలను బాటలుగా మార్చే ఉద్యమం ఎలా మొదలైందో చాలామందికి తెలిసిందే. నా దృష్టిలో తగాదాకు అసలు మూలం అక్కడ లేదు. అది 1942లో, ఈ అడవికి చాలా దూరాన మోంటానాలో, చమురు కోసం జరిగిన ఒక వ్యాజ్యంలో ఉంది.

గ్రేట్ నార్తర్న్ రైల్వే తన పట్టాల కింది నేలలో చమురు, గ్యాస్ తవ్వుకోబోయింది. వీల్లేదంటూ కేంద్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఆ రైలు నడిచే దారిని ప్రభుత్వం 1875 నాటి చట్టం కింద ఇచ్చింది. అంతకుముందు రైలు సంస్థలకు లక్షల ఎకరాలు ఉదారంగా కట్టబెట్టిన పార్లమెంటు, ప్రజల్లో వ్యతిరేకత పెరగడంతో 1871 తర్వాత ఆ పంపకం ఆపేసింది. 1875 చట్టంతో ఇచ్చింది దారి మాత్రమే. ఆ దారికి అర్థమేమిటన్నదే వ్యాజ్యం. రైలు సంస్థకు నేల మీద పరిమితమైన యాజమాన్యం ఉందని, వాడకం ఆగితే అది ప్రభుత్వానికి తిరిగి వస్తుందని 1915లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో అంది. 1942లో ప్రభుత్వం ఆ మాట తప్పని వాదించింది. రైలు సంస్థకు ఉన్నది నడిచే హక్కే తప్ప నేల మీద హక్కు కాదంది. సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ప్రభుత్వం గెలిచింది, చమురు దక్కింది.

నడిచే హక్కుకు ఒక స్వభావం ఉంది. మీ పొలం గుండా పొరుగువాడు నడవడానికి ఒప్పుకున్నారనుకోండి. వాడు నడక మానేస్తే ఆ హక్కు అంతటితో చెల్లిపోతుంది. అది ఎవరి దగ్గరికీ తిరిగి వెళ్లదు. పొలం ఎవరిదో వారిదిగానే మిగులుతుంది, పైనున్న బరువు మాత్రం దిగిపోతుంది. చమురు కోసం గెలిచిన వాదనలో ఈ పర్యవసానం కూడా ఇమిడి ఉంది. డెబ్బై ఏళ్లపాటు దాన్ని పట్టించుకోవలసిన అవసరం ప్రభుత్వానికి పెద్దగా రాలేదు.

ఇప్పుడు మెడిసిన్ బోకు వద్దాం. లారమీ, హాన్స్ పీక్ అండ్ పసిఫిక్ రైల్వేకు 1908లో ఇదే 1875 చట్టం కింద 200 అడుగుల వెడల్పు దారి దక్కింది. 1911కల్లా లైను కొలరాడోలోని కోల్‌మాంట్ చేరింది. బొగ్గు, ఖనిజాలు మోసి దేశంలోని అతి ముఖ్యమైన రైల్వేల్లో ఒకటవుతామని యజమానులు ఆశపడ్డారు. చివరికి మోసింది ఎక్కువగా కలప, పశువులు. వయోమింగ్ చలికాలంలో రైలు నడిపే ఖర్చు దాన్ని ఎప్పుడూ నిలదొక్కుకోనివ్వలేదు. 1914 నుంచి 1987 దాకా చేతులు మారుతూనే ఉంది. ఆఖరి యజమానులు పర్యాటక రైలుగా నడిపి చూశారు, అదీ లాభించలేదు.

ఈ దారి పక్కన ఫాక్స్ పార్క్ అనే చోట రంపపు మిల్లు నడిపిన కుటుంబం బ్రాంట్‌లది. 1976లో ప్రభుత్వం వారికి 83 ఎకరాలకు పట్టా ఇచ్చింది. ఆ పట్టా భాష ఒకసారి చూడాలి. కాలువల కోసం కొంత హక్కును, అటవీ రోడ్లను ప్రభుత్వం తనకోసం ప్రత్యేకంగా అట్టిపెట్టుకుంది. రైలు విషయంలో మాత్రం, ఆ కంపెనీకి రైలు అవసరాల కోసం ఇచ్చిన హక్కులకు లోబడి నేల ఇస్తున్నామని రాసింది. రైలు ఆగిపోతే ఆ దారి ఏమవుతుందో ఒక్క ముక్కయినా రాయలేదు. కాలువను గుర్తుంచుకున్నవారు రైలుకట్టను మరిచిపోయారంటే నమ్మడం కష్టం. నేల మీదేనని పట్టా చేతికిచ్చాక, మధ్యలో పదెకరాలు మావని ముప్పై ఏళ్లకు రావడం ఏ కుటుంబానికైనా మింగుడుపడదు.

జరిగింది అదే. లైనును వదిలేస్తామని రైలు సంస్థ 1996లో తెలిపింది. 2003లో అనుమతి వచ్చింది. పట్టాలు, స్లీపర్లు పీకేసిన సంస్థ 2004లో లైనును వదిలేసే పని ముగించింది. 2006లో ప్రభుత్వం ఆ దారి తనదని ప్రకటించమంటూ 31 కమతాల యజమానుల మీద దావా వేసింది. కొందరు రాజీపడ్డారు, కొందరు కోర్టుకు రాలేదు. నిలబడి పోరాడింది ఆ మిల్లు కుటుంబానికి చెందిన మార్విన్ బ్రాంట్ ఒక్కరే. ఆయన నేలను దాటేది దాదాపు అరమైలు దారి, పదెకరాలు.

కింది కోర్టులు రెండూ ప్రభుత్వానికే ఓటేశాయి. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 8-1తో తిరగేసింది. 1942లో మీరే గెలిచిన వాదనకు వ్యతిరేకంగా ఇప్పుడు వాదిస్తున్నారు, కనుక ఓడిపోతున్నారన్నది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పు సారాంశం. రైలు దారి మామూలు నడిచే హక్కు లాంటిది కాదని, దానికి ప్రత్యేక స్వభావం ఉందని న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ విభేదించారు. బాటల మీద వచ్చే దావాలకు ప్రజాధనం కోట్ల డాలర్లలో పోవచ్చని కూడా ఆమె హెచ్చరించారు.

ఆ హెచ్చరిక తేలిగ్గా తీసుకోదగినది కాదు. ఇలాంటి బాటలు నిలవాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆ ఖర్చుకు కారణం పదెకరాల కోసం నిలబడ్డ మనిషి కాదు. చమురు దొరికేటప్పుడు ఒక మాట, బాట కావలసినప్పుడు ఇంకో మాట చెప్పిన ప్రభుత్వం.

పైగా మంచి ఉపాయం అప్పటికే ఉంది. 1983లో పార్లమెంటు రైల్ బ్యాంకింగ్ పద్ధతి తెచ్చింది. రైలు సంస్థ దారిని పూర్తిగా వదిలేయదు. మళ్లీ రైలు కావలసి రావచ్చన్న షరతు మీద ఈలోగా బాటగా వాడనిస్తుంది. హక్కు చెల్లిపోదు కనుక దారి ముక్కలు కాదు. ఈ చట్టం చెల్లుతుందని, నేల యజమానులకు నష్టపోయామనిపిస్తే ప్రభుత్వాన్ని పరిహారం అడగవచ్చని, వెర్మాంట్‌లో షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఉన్న బాట కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. మెడిసిన్ బోలో ఆ పద్ధతి పాటించలేదు. లైను పూర్తిగా రద్దయ్యాకే నేల ఎవరిదన్న ప్రశ్న కోర్టుకు వెళ్లింది.

కాబట్టి 2014 తీర్పును చూపించి బాటలన్నీ ప్రమాదంలో ఉన్నాయనడం సరికాదు. రైల్ బ్యాంకింగ్ జరిగిన దారులను, రైలు సంస్థలు సొంతంగా కొన్న నేలను అది తాకదు. చిక్కంతా 1875 చట్టం కింద దారి ఇచ్చి, తర్వాత చుట్టూ ఉన్న నేలకు పట్టాలు పంచి, రైలు పోయేదాకా ఎవరూ ఆ కాగితాలు తెరవని చోట్లది.